గృహవైద్యానికి గృహం ఉండవలె కదా!

గృహవైద్య శీర్షికలు శ్రద్ధగా చదివే పాఠకులకు ఒక తరహా వాక్యం కంఠస్థమై ఉంటుంది. పెరటిలోని తులసి ఆకులు పది కోసి తెచ్చి, కల్వంలో మెత్తగా నూరి, రసం పిండి, తేనెతో ఉదయం సాయంత్రం సేవించవలెను అని. ఆ వాక్యంలో శాస్త్రదోషం ఏమీ లేదు. కాని అది నాలుగు వస్తువులు ఇంట్లో ఉన్నాయని ముందే అనుకుంటుంది. పెరడు ఒకటి, కల్వం ఒకటి, పొయ్యి ఒకటి, ఇవన్నీ చేసిపెట్టే తీరిక గల మనిషి ఒకరు. 2020, 2021 సంవత్సరాలలో కరోనా మహమ్మారి హైదరాబాదు నగరాన్ని పట్టి పీడించిన కాలంలో ఈ నాలుగూ ఎంతమందికి లేవో నాకు తెలిసివచ్చింది. ఆ అనుభవం మీద ఒక అభిప్రాయం ఏర్పడింది. తోటి వైద్యులలో కొందరికి అది రుచించకపోవచ్చును. అయినా చెప్పడం అవసరమని భావిస్తున్నాను.

నేను ఉండేది మేళ్లచెరువులో. గురువుగారి ఇంట ఉండి, వారి పొయ్యి వద్ద కషాయాలు కాచి, రోలు వద్ద చూర్ణాలు దంచి ఈ విద్య నేర్చుకున్నవాడిని. మా ఊరి నుండి నగరానికి వెళ్లిన పిల్లలు చాలామంది. కొందరు అమీర్‌పేటలో శిక్షణ తరగతులకు, కొందరు మాదాపూర్ కంపెనీలలో ఉద్యోగాలకు, కొందరు కట్టడపు పనులకు వెళ్లారు. వారి తల్లిదండ్రుల నాడి చూసిన చెయ్యి కనుక నా ఫోను నంబరు వారందరి వద్దా ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో మా శంభులింగేశ్వరస్వామి శివరాత్రి జాతర యథావిధిగా జరిగింది. పది రోజులు తిరగకముందే, మార్చి 2వ తేదీన, తెలంగాణలో మొదటి కరోనా కేసు బయటపడింది. దుబాయి నుండి బెంగుళూరు మీదుగా వచ్చిన యువకుణ్ణి గాంధీ ఆసుపత్రిలో చేర్చారు. మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగింది. తరువాత రెండు మూడు రోజులలోనే దేశమంతటా రాకపోకలు నిలిచిపోయాయి. ఆ వారం నుండి నా ఫోను రాత్రి పదకొండు గంటలకు కూడా మ్రోగేది.

మొదట ఫోను చేసినవారు హాస్టళ్ల పిల్లలే. అమీర్‌పేట, ఎస్సార్ నగర్, కూకట్‌పల్లి ప్రాంతాలలో ప్రైవేటు హాస్టళ్లు అనేకం ఉన్నాయి. లాక్‌డౌను ప్రారంభమైన వెంటనే వాటిలో చాలా హాస్టళ్లు ఖాళీ చేయమన్నాయి. పోలీసులు ప్రయాణానికి పాసులు ఇవ్వగా, వేలమంది మోటారు సైకిళ్ల మీద, అద్దె కార్లలో విజయవాడ దారి పట్టారు. వారిని ఆంధ్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు వద్ద ఆపివేశారు. అది మా ఊరికి దూరం కాదు. ఎండలో, రోడ్డు మీద, నీళ్ల సీసా చేతపట్టుకొని కూర్చున్న ఆ పిల్లలకు ఎవరైనా గృహవైద్యం చెప్పగలరా? గృహమే లేదు కదా.

నగరంలో మిగిలిపోయినవారి స్థితి వేరు. మెస్సులు మూతపడ్డాయి. ఏప్రిల్ 20 నుండి స్విగ్గీ, జొమాటో వంటి సంస్థలు భోజనం ఇళ్లకు చేర్చడాన్ని కూడా రాష్ట్ర ప్రభుత్వం నిలిపివేసింది. రోగవ్యాప్తి దృష్ట్యా అందులో అర్థం ఉన్నది. కాని అన్నం వండుకొనడమే ఎరుగని ఇరవై ఏళ్ల పిల్లవానికి ఆ నిర్ణయం ఎట్లా తగిలిందో ఊహించండి. నగరపాలక సంస్థ ఐదు రూపాయల అన్నపూర్ణ కేంద్రాలలో ఆ రోజులలో ఉచితంగా భోజనం పెట్టింది. మంచి ఇళ్లలో పుట్టి పెరిగిన పిల్లలు కూడా ఆ వరుసలలో నిలబడ్డారు. నిలబడి తినగలిగినందుకు నేను సంతోషించాను.

అటువంటి పిల్లవాడొకడు ఒకనాటి సాయంత్రం ఫోను చేసి అడిగిన మాట ఇది. "తాతా, మా హాస్టల్ల పొయ్యి పెట్టుకోనియ్యరు. కరెంటు కెటిల్ ఒక్కటే ఉన్నది. దాంట్ల కషాయం కాగుతదా?" కెటిల్‌లో నీరు మరుగుతుంది, ఆగిపోతుంది. నాలుగవ వంతు మిగిలేవరకు క్వాథం కాచడానికి అది పనికిరాదు. అయితే మన శాస్త్రం ఆ పిల్లవాణ్ణి నిరాధారంగా వదిలిపెట్టలేదు. కషాయకల్పనలు ఐదు విధాలు: స్వరసం, కల్కం, క్వాథం, హిమం, ఫాంటం. మరిగిన నీటిని చూర్ణం మీద పోసి, మూతపెట్టి, కొంతసేపటికి వడగట్టి త్రాగేది ఫాంటం. చన్నీటిలో రాత్రంతా నానబెట్టి ఉదయం వడగట్టేది హిమం. దానికి నిప్పుతో పనే లేదు. పొయ్యి లేనివానికి ఫాంటం, కెటిల్ కూడా లేనివానికి హిమం అని పూర్వులు మన హాస్టళ్లను చూసి వ్రాశారా అనిపిస్తుంది. అయినా మన పత్రికలు, దూరదర్శన్ మొదలు ప్రైవేటు ఛానళ్ల వరకు, అందరమూ ఆ రెండేళ్లూ ‘కషాయం కాచుకోండి’ అన్న ఒక్క మాటనే పట్టుకొని వ్రేలాడాము.

చరకసంహిత సూత్రస్థానంలో ఉపకల్పనీయాధ్యాయం కలదు. చికిత్స ఆరంభించకముందు వైద్యుడు సిద్ధం చేసుకొనవలసిన సామగ్రిని మహర్షి అందులో చెప్పాడు. ఔషధాల పట్టిక తరువాత వస్తుంది. ముందు వచ్చేది ఇల్లు. ఆ ఇల్లు దృఢంగా ఉండవలె. ఈదురుగాలి తగలకూడదు, కాని ఒక ప్రక్క నుండి గాలి ఆడవలె. లోపల తిరగడానికి చోటుండవలె. పొగ, దుమ్ము, ఎండ చొరకూడదు. నీరు, రోలు రోకలి, మరుగుదొడ్డి, స్నానపు చోటు, వంటశాల ఉండవలె. ఆ తరువాత పరిచారకులను గురించి చెప్పాడు. పప్పుకట్టు, అన్నం వండడం తెలిసినవారు, స్నానం చేయించగలవారు, లేవదీసి కూర్చోబెట్టగలవారు, విసుగులేనివారు కావలెనట. చికిత్సకు నాలుగు పాదాలన్నప్పుడు వైద్యుడు, ఔషధం, రోగి, వీరితో సమానంగా పరిచారకుణ్ణి కూడా లెక్కించారు. ఇంత స్పష్టంగా ఉన్నదానిని పక్కన పెట్టి, శొంఠి మిరియాల జాబితాను మాత్రం ఏరుకొని ‘ఇదే ఆయుర్వేదం’ అని నగరవాసికి అందించాము. ఒక్క పాదం మీద బండి నడవదు.

‘ప్రత్యేక గదిలో ఉండండి, ప్రత్యేక మరుగుదొడ్డి వాడండి’ అన్న సలహా సరైనదే. వ్యాధిగ్రస్తుని స్పర్శ, శ్వాస, సహభోజనం, ఒకే పడక, ఒకే ఆసనం, అతడు వాడిన వస్త్రాలు, వీటి ద్వారా కొన్ని రోగాలు మనిషి నుండి మనిషికి సంక్రమిస్తాయని సుశ్రుతుడు నిదానస్థానంలో చెప్పాడు. జ్వరం కూడా ఆ జాబితాలో కలదు. దూరం పాటించడం విదేశీయుల పద్ధతి అని ఎగతాళి చేసిన మన పండితులు ఆ అధ్యాయాన్ని మరల ఒకసారి చదువుకొనవలె. కాని మూసీ ఒడ్డు బస్తీలలో, పాతబస్తీ గల్లీలలో పది అడుగుల గదిలో ఆరుగురు నివసించే కుటుంబం ఏ ప్రత్యేక గదిలో ఉండవలె? రేషను కార్డు గల పేద కుటుంబాలకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చారు. వలస కూలీలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చారు. ఆ సాయం లేకపోతే ఎందరో పస్తులుండేవారు, సందేహం లేదు. అయినా 2020 మే 1వ తేదీ తెల్లవారుజామున లింగంపల్లి నుండి జార్ఖండుకు దేశంలోని మొదటి శ్రామిక రైలు బయలుదేరినప్పుడు, కంది వద్ద కట్టడపు పనులు చేస్తున్న వేయిమందికి పైగా కూలీలు దానిలో వెళ్లిపోయారు. బియ్యం దొరికినచోటే మనిషి ఉండిపోడు. జ్వరం వస్తే నుదుటి మీద చేయి పెట్టేవారు ఉన్నచోటికి పోతాడు.

ఇక ఇల్లు ఉన్నవారి సంగతి. అక్కడ లోటు కాదు, అతి. ఆ కాలంలో నా వద్దకు ఫోను ద్వారా వచ్చిన ఫిర్యాదులలో సగం కరోనావి కావు, కషాయానివి. కూకట్‌పల్లిలో ఉండే ఒక గృహిణి ఇంటిల్లిపాదికీ రోజుకు ఐదుసార్లు శొంఠి, మిరియాలు, దాల్చినచెక్క, లవంగాలు, వెల్లుల్లి కలిపి కాచిన కషాయం పోసేది. పదిహేను రోజులకు భర్తకు మూలవ్యాధి తిరగబెట్టి రక్తం పడింది, కుమారునికి నోరు పూసింది, ఆమెకు కడుపులో మంట. కాలం చూడండి. వైశాఖ జ్యేష్ఠాలు, గ్రీష్మఋతువు. ఆ ఋతువులో కటు, ఆమ్ల, లవణ రసాలు తగ్గించి, మధురమైన, చల్లని, ద్రవమైన ఆహారం తీసుకొనవలెనని ఋతుచర్య చెబుతున్నది. నలభై డిగ్రీల ఎండలో మిరియాల కషాయం ఐదుసార్లు త్రాగితే వైరసు సంగతి ఏమో గాని పిత్తం ఊరుకోదు.

కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ ఇచ్చిన సూచన ఇట్లా లేదు. తులసి నాలుగు భాగాలు, దాల్చినచెక్క రెండు భాగాలు, శొంఠి రెండు భాగాలు, మిరియాలు ఒక భాగం. ఆ చూర్ణం మూడు గ్రాములు, 150 మిల్లీలీటర్ల మరిగిన నీటిలో, రోజుకు ఒకటి రెండు సార్లు. మిరియం అన్నిటికంటె తక్కువ పాలు. నగరంలో అది తలక్రిందులైంది. ఘాటు ఎక్కువైతే గుణం ఎక్కువ అని ఎవరు చెప్పారో తెలియదు, అందరూ నమ్మారు.

జ్వరంలో దాహానికి మా గురువుగారు ఇప్పించేది షడంగపానీయం. తుంగముస్తలు, పర్పాటకం, వట్టివేళ్లు, చందనం, కురువేరు, శొంఠి. ఈ ఆరింటిలో ఉష్ణద్రవ్యం శొంఠి ఒక్కటే, తక్కిన ఐదూ చల్లనివి. ఆరూ కలిపి ఒక తులం, అనగా సుమారు 12 గ్రాములు, ముప్పాతిక లీటరు నీటిలో వేసి సగం మిగిలేవరకు కాచి, చల్లార్చి, దాహమైనప్పుడల్లా కొద్దికొద్దిగా ఇవ్వవలెను. శతాబ్దాలుగా ఉన్న ఈ యోగం ఆ రెండేళ్లలో నగరపు నోట ఒక్కసారి కూడా నేను వినలేదు. ఘాటు లేదు కనుక ప్రచారం లేదు.

తిప్పతీగ విషయం కూడా చెప్పవలె. అది రసాయనద్రవ్యమే, జ్వరఘ్నమే. నెలల తరబడి పరిమాణం లేక త్రాగిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నదని ముంబయి వైద్యులు 2021లో వెల్లడించారు. తిప్పతీగతో పోలిక గల వేరొక తీగను పొరపాటున వాడి ఉంటారనీ, తిప్పతీగను నిందించరాదనీ ఆయుష్ మంత్రిత్వశాఖ అన్నది. వాదం ఎట్లా ముగిసినా నగరవాసికి వర్తించేది ఒక్కటే. పార్కు గోడ మీద ప్రాకిన తీగను కోసుకొని రోజూ నమలడం వైద్యం కాదు. తీగను గుర్తుపట్టడానికి నాకు గురువుగారి వెంట రెండేళ్లు అడవి తిరగవలసి వచ్చింది. ఆవిరి పట్టడం కూడా అటువంటిదే. ముక్కు బిగిసినప్పుడు ఐదు నిమిషాలు మేలు చేస్తుంది. హైదరాబాదు పాత ఇళ్లలో ఆ నీటిలో రెండు చుక్కల జిందా తిలిస్మాత్ వేస్తారు. 1920 నుండి నగరానికి అలవాటైన యునానీ మందు అది, నాకు దానితో తగవు లేదు. కాని పసిపిల్లలను దుప్పటి కింద మరిగే గిన్నె ముందు కూర్చోబెట్టడం ప్రమాదకరం.

ఇట్లా వ్రాస్తే ‘మన వైద్యాన్ని మనమే చిన్నబుచ్చుకొంటున్నాం’ అనే మిత్రులు ఉన్నారు. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్యగారి మందు కోసం వేలాది జనం ఒకరి మీద ఒకరు పడినప్పుడు కూడా వారు గర్వించారు. కంటిలో వేసే మందును మినహాయించి తక్కిన వాటికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నెలాఖరున అనుమతి ఇచ్చింది. నాకు ఆ మందు మీద కంటె ఆ గుంపు మీద ఎక్కువ భయం కలిగింది. శ్వాస ద్వారా సంక్రమించే జ్వరానికి మందు ఇచ్చే చోట, ఊపిరి ఆడనంత జనమా! మరొకవైపు, తులసి పేరు ఎత్తితేనే నవ్వే నగర విద్యావంతులు ఉన్నారు. గొంతు నొప్పికి ఉప్పునీటి పుక్కిలింత, జ్వరంలో గంజి, దాహానికి కాచిన నీరు, నిద్ర, ఇవి ఇచ్చే ఉపశమనం చిన్నది కాదు. ఇంట్లో ఉండి కోలుకున్న రోగులను నిలబెట్టినవి చాలావరకు ఇవే. కాని రక్తంలో ప్రాణవాయువు 94 శాతం కంటె తగ్గిన మనిషిని ఏ కషాయమూ నిలపలేదు. ఆ సంఖ్య వినగానే ‘ఆసుపత్రికి’ అన్నాను తప్ప వేరొక మాట నా నోట రాలేదు. హైదరాబాదులోనే తయారైన కోవాగ్జిన్ టీకా వచ్చాక వేయించుకొమ్మని కూడా చెప్పాను. రోగం రాకముందే కాచుకొనడం మన శాస్త్రానికి పరాయిది కాదు. జనపదోద్ధ్వంసం ముంచుకు రాకముందే ఓషధులు సేకరించి పెట్టుకొనవలెనని కాంపిల్య నగరం వద్ద గంగ ఒడ్డున పునర్వసు ఆత్రేయుడు శిష్యుడైన అగ్నివేశునికి చెప్పినట్లు చరకంలోనే ఉన్నది. ఆ ఆసుపత్రి కూడా అందరికీ అందలేదు. 2021 మే నెలలో ఆంధ్ర నుండి రోగులను తెస్తున్న అంబులెన్సులను మా కోదాడ దాటాక రామాపురం క్రాస్‌రోడ్డు వద్ద ఆపివేస్తే, తెలంగాణ హైకోర్టు కలుగజేసుకొనవలసి వచ్చింది. వారిలో చాలామందికి సొంత ఇళ్లు ఉన్నాయి, ఇళ్లలో తులసికోటలు కూడా ఉండి ఉంటాయి.

పూర్వం మహమ్మారి వచ్చినప్పుడు జనం ఏమి చేసేవారు? గత్తర వస్తే పల్లెలు పొలిమేర కట్టుకునేవి. 2020లో కూడా మా చుట్టుపక్కల ఊళ్లు దారికి అడ్డంగా ముళ్లకంప వేసుకున్నాయి. దక్కనులో ప్లేగు వస్తే ఇళ్లు ఖాళీ చేసి ఊరి బయట గాలి ఆడే చోట గుడిసెలు వేసుకొనేవారు. హైదరాబాదులో 1908 మూసీ వరద, ఆ తరువాత ప్లేగు నగరాన్ని కుదిపాక, 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధి సంస్థను నెలకొల్పింది. ఇరుకు బస్తీలు తొలగించి, గాలి వెలుతురు వచ్చే ఇళ్లు కట్టించడం దాని పనులలో ముఖ్యమైనది. నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రిని నగరవాసులు నేటికీ కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైను అన్న ఆంగ్లపదం మన నాలుక మీద కోరంటి అయింది. ఆ తరం ప్లేగు తరువాత ఇళ్ల గురించి ఆలోచించింది. మన తరం కరోనా తరువాత దేని గురించి ఆలోచించింది? రోగనిరోధక శక్తి అని పేరు పెట్టిన డబ్బాలు దుకాణాలలో పెరిగాయి. హాస్టలు గదులకు కిటికీలు పెరిగినట్లు నాకు కనబడలేదు. గాలి అతిగా స్తంభించిపోవడం కూడా వాయువైకల్యమేనని జనపదోద్ధ్వంస ప్రకరణంలో చెప్పారు. ఇది చెబుతూ మా ఊరి గాలి మేలని నేను అనడం లేదు. సిమెంటు కర్మాగారాల నడుమ ఉండేవానికి ఆ హక్కు లేదు.

జ్వరం తగ్గిన తరువాతి కాలాన్ని నగరం అసలు లెక్కలోకి తీసుకొనలేదు. జ్వరం విడిచిన మనిషి బలం వచ్చేవరకు వ్యాయామం, ఎక్కువగా తిరగడం, స్నానం, మైథునం మానవలెనని, లేనిచో జ్వరం మరల తిరగబెడుతుందని శాస్త్రం. ఇంటి నుండే పని కనుక ఐదవ రోజునే కంప్యూటరు ముందు కూర్చొని అర్ధరాత్రి వరకు పనిచేసినవారిని నేను ఎరుగుదును. నెలల తరబడి ఆయాసం, నీరసం అని వారే నాకు ఫోను చేశారు. గంజి తేట, జావ, మెత్తని అన్నం, ఆ పిదప పెసరకట్టుతో భోజనం అనే క్రమం వారికి ఎవరూ వండిపెట్టలేదు. దీనికి మినహాయింపు లేకపోలేదు. రెండవ విడతలో కొన్ని అపార్టుమెంట్లలో స్త్రీలు వంతులు వేసుకొని, రోగం వచ్చిన ఇంటి గుమ్మం వద్ద చారు, మెత్తని అన్నం క్యారియరులో పెట్టి తలుపు తట్టి వెళ్లేవారు. నాలుగవ పాదమైన పరిచారకులు ఆ భవనాలలో దొరికారు.

కనుక గృహవైద్య శీర్షికలు వ్రాసే మా వంటివారు ఇకమీదట ప్రతి యోగం క్రింద, పొయ్యి లేనివారు దీనిని ఎట్లా చేసుకొనవలెనో ఒక వాక్యం చేర్చవలెనని నా ప్రతిపాదన. అది సాధ్యంకాని యోగమైతే సాధ్యంకాదనే వ్రాయవలె. హాస్టళ్లకు అనుమతి ఇచ్చే అధికారులు కిటికీ గల ఒక జబ్బుగది, ఒక చిన్న పొయ్యి తప్పనిసరి చేయవలె. అది వైద్యుల పని కాదని అనేవారికి ఉపకల్పనీయాధ్యాయం చూపుతాను.

మా ఊరి నుండి నగరానికి చదువుకు పోయే పిల్లలకు నేను ఇప్పుడు ఒక చిన్న గుడ్డసంచి కట్టి ఇస్తున్నాను. దానిలో మూడు పొట్లాలు ఉంటాయి. ఒకదానిలో శొంఠిపొడి. జలుబు చేస్తే రెండు చిటికెలు, గ్లాసెడు మరిగిన నీటిలో వేసి, మూతపెట్టి, పది నిమిషాలకు వడగట్టి త్రాగవలెను. రోజుకు రెండుసార్లకు మించరాదు, ఎండాకాలంలో ఒక్కసారే. రెండవదానిలో కచ్చాపచ్చాగా నలగగొట్టిన ధనియాలు. రెండు చెంచాలు రాత్రి గ్లాసు నీటిలో నానబెట్టి, ఉదయం వడగట్టి, పటికబెల్లంతో త్రాగితే ఒంటి వేడి, దాహం తగ్గుతాయి. మూడవదానిలో వరి పేలాలు. ఒంట్లో బాగులేనిరోజు వేడినీటిలో మెత్తబడనిచ్చి, చిటికెడు ఉప్పుతో తినవలెను. అటుకులు తేలిక అని పిల్లలు అనుకుంటారు, శాస్త్రం వాటిని గురుద్రవ్యాలలో చేర్చింది. సంచికి కట్టిన చీటీ మీద వారు ఉండే వీధికి దగ్గరి బస్తీ దవాఖానా చిరునామా వ్రాయించుకొని రమ్మంటాను. జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం వచ్చినా అక్కడికి పోవలెనని అదే చీటీ వెనుక నేను వ్రాసి ఇస్తాను.